రీసెట్ కొడితే పోయేది ఏది, పోనిది ఏది: ట్యాబ్‌లో 'వైరస్' కథ

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర చార్జర్ కొందామని ఒక సెల్‌ఫోన్ దుకాణంలో ఆగాను. అక్కడ ఒకావిడ ట్యాబ్ పట్టుకుని నిలబడి ఉంది. మునుగోడు వైపు పల్లె నుంచి వచ్చిందట. ఇంటర్ చదివే కూతురి పాఠాల కోసం కొన్న ట్యాబ్ అది. రెండు మూడు నిమిషాలకోసారి టింగుమని మోగుతోంది. మోగినప్పుడల్లా తెర పైనుంచి ఒక హెచ్చరిక దిగుతోంది: 'మీ పరికరంలో 13 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే శుభ్రం చేయండి.' దుకాణం కుర్రాడు ఒక్క చూపు చూసి, "రీసెట్ కొట్టాలక్కా, అన్నీ పోతాయి" అన్నాడు. అన్నీ అంటే కూతురు తీసి పెట్టుకున్న నోట్సు ఫొటోలు కూడా అని ఆవిడకు అర్థమైనట్లుంది. ట్యాబ్‌ను గభాలున వెనక్కి తీసుకుంది.

ఆవిడను అడిగి ఆ హెచ్చరికను వేలితో నొక్కి పట్టి చూశాను. మూలన క్రోమ్ గుర్తు ఉంది. పక్కన సన్నని అక్షరాల్లో, నోరు తిరగని ఒక వెబ్‌సైట్ పేరు. సంగతి అక్కడే తేలిపోయింది. ఆ హెచ్చరిక పంపుతున్నది ట్యాబ్ కాదు, ఒక వెబ్‌సైట్. ట్యాబ్ లోపలికి చూసే శక్తి దానికి లేదు కాబట్టి ఆ పదమూడు ఊహించి రాసిన అంకె.

మన దగ్గర ట్యాబ్ నెమ్మదించినా, ప్రకటనలు ముసిరినా, ఖాతాలో డబ్బు పోయినా అన్నిటికీ ఒకే మాట, 'వైరస్ వచ్చింది'. అన్నిటికీ ఒకే మందు, రీసెట్. ఆ మాట కింద కనీసం నాలుగు వేరు వేరు జబ్బులున్నాయి. ఒకదానికి రీసెట్ అవసరమే లేదు, ఒకదానికి అది పనికొచ్చే మందే, మిగిలిన రెండిటికి ఎన్నిసార్లు కొట్టినా ప్రయోజనం ఉండదు.

మొదటిది: వైరస్ కాని వైరస్

వెబ్‌సైట్లకు నోటిఫికేషన్లు పంపుకునే సౌకర్యాన్ని బ్రౌజర్లే ఇచ్చాయి. వార్తాపత్రికల సైట్లు దాన్ని వాడుకుంటాయి, అందులో తప్పేమీ లేదు. అయితే పంపడానికి ముందు మన అనుమతి అడగాలి. మోసపు సైట్ల కిటుకంతా ఆ అనుమతి రాబట్టడంలోనే ఉంది. ఉచితంగా క్రికెట్ మ్యాచ్ చూపిస్తామనే సైట్ తెరుస్తాం. 'మీరు రోబో కాదని తెలియడానికి అలో (Allow) నొక్కండి' అని ఉంటుంది. నొక్కుతాం. మనం నొక్కింది నోటిఫికేషన్ల అనుమతి అని ఆ క్షణంలో తట్టదు. ఆ తర్వాత సైట్ మూసేసినా, మళ్లీ దాని ముఖం చూడకపోయినా, అది మాత్రం పలకరిస్తూనే ఉంటుంది.

ఇది మాల్వేర్ కాదు. మాల్వేర్ అంటే మనకు తెలియకుండా హాని చేసేందుకు రాసిన సాఫ్ట్‌వేర్. వైరస్ అందులో ఒక రకం మాత్రమే, తన నకళ్లు తానే తయారు చేసుకుంటూ వ్యాపించేది. ట్యాబ్‌లలో అచ్చమైన వైరస్ అరుదు. ఆ మాట పాత కంప్యూటర్ల రోజుల నుంచి మన నోట మిగిలిపోయింది. క్రోమ్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల కింద ఆ సైట్ పేరు తీసేస్తే మోత ఆగిపోతుంది. ఈ మధ్య వచ్చిన క్రోమ్‌లో నోటిఫికేషన్ కిందే 'అన్‌సబ్‌స్క్రైబ్' అనే మీట కూడా ఉంటోంది. అయితే 'శుభ్రం చేయండి' అన్న చోట నొక్కితే మాత్రం కథ మారుతుంది. అది తీసుకెళ్లేది ఏదో ఒక యాప్ దించుకోమనే పేజీకి. ఉత్తుత్తి వైరస్ అసలు మాల్వేర్‌కు దారి చూపేది అక్కడే.

చెడ్డ సైట్ తెరిచినంత మాత్రాన ఏమవుతుంది?

చాలామంది భయం ఇదే: లింకు నొక్కగానే అంతా అయిపోయినట్లేనా? సాధారణంగా కాదు. ఎందుకో తెలియాలంటే ట్యాబ్ లోపలి కట్టడం తెలియాలి.

ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌కూ ఒక వాడుకరి సంఖ్య కేటాయిస్తారు. ఆ సంఖ్య కిందే అది నడుస్తుంది, ఆ సంఖ్యకు చెందిన ఫైళ్లనే ముట్టుకోగలదు. హాస్టల్‌లో ఎవరి గదికి వారి తాళం ఉన్నట్లు. బ్యాంకు యాప్ గదిలోకి ఆటల యాప్ తొంగి చూడలేదు. కెమెరా, కాంటాక్టులు, ఎస్ఎంఎస్‌ల వంటి ఉమ్మడి వస్తువులు కావాలంటే వార్డెన్‌ను అడగాలి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి ఆ అడగడం మన కళ్లముందే, వాడే సమయంలోనే జరుగుతోంది. ఐప్యాడ్‌లోనూ ఇదే పద్ధతి, ఇంకాస్త బిగువుగా. ఇక వెబ్ పేజీ నడిచేది బ్రౌజర్ అనే గది లోపల మరో పెట్టెలో. అక్కడి నుంచి ట్యాబ్ మొత్తాన్ని పట్టుకోవాలంటే రెండు మూడు గోడలు దూకాలి.

గోడలకు బీటలు లేవని కాదు. 2015లో 'స్టేజ్‌ఫ్రైట్' పేరుతో బయటపడిన లోపం అలాంటిదే. ఆండ్రాయిడ్‌లో వీడియోలను చదివే భాగంలో అది ఉంది. ప్రత్యేకంగా తయారు చేసిన ఒక ఎంఎంఎస్ వస్తే చాలు, మనం తెరవకపోయినా దాడికి వీలుండేది. ఆ గగ్గోలు తర్వాతే గూగుల్ నెలనెలా భద్రతా ప్యాచ్‌లు, అంటే బీటలు పూడ్చే మరమ్మతులు, విడుదల చేయడం మొదలుపెట్టింది. కనుక బీట గురించి లోకానికి తెలిసిన నాటికి మన ట్యాబ్‌లో దాన్ని పూడ్చారా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఫోను కన్నా ట్యాబ్‌కు గండం ఎక్కువ ఉండేది ఈ విషయంలోనే. ఫోనును మూడు నాలుగేళ్లకు మార్చేస్తాం. ట్యాబ్ అలా కాదు. అక్క చదువు అయ్యాక చెల్లెలికి, ఆ తర్వాత తాతగారి భక్తి పాటలకు, చివరికి బియ్యం మిల్లులో లెక్కలు రాసుకోవడానికి పనికొస్తూనే ఉంటుంది. కంపెనీ మాత్రం ప్యాచ్‌లు పంపడం ఎప్పుడో మానేసి ఉంటుంది, చవక రకాలకైతే మరీ త్వరగా. సెట్టింగ్స్‌లో 'ఆండ్రాయిడ్ సెక్యూరిటీ అప్‌డేట్' అన్న చోట ఒక తేదీ ఉంటుంది. అది మందు సీసా మీది గడువు తేదీ లాంటిది. ప్యాచ్‌లు ఆగినా బ్రౌజర్ ప్లే స్టోర్ ద్వారా విడిగా తాజా అవుతుంది కాబట్టి కొన్నాళ్లు రక్షణ ఉంటుంది. దానికీ హద్దు ఉంది: 2025 ఆగస్టులో వచ్చిన క్రోమ్ 139 నుంచి ఆండ్రాయిడ్ 10 లేదా ఆపైది ఉండాల్సిందే. అంతకన్నా పాత ట్యాబ్‌లో పాటలు వినవచ్చు, పాఠాల వీడియోలు చూడవచ్చు. బ్యాంకు పని చేయడం వేరే సంగతి.

రెండోది: మన చేత్తో తలుపు తీయించుకునే ఏపీకే

గోడ దూకడం ఖర్చుతో కూడిన పని. తలుపు తీయమని అడగడం చవక. మన జిల్లాల్లో జనం నష్టపోతున్నది ఎక్కువగా ఈ రెండో దారిలో అని నా అంచనా.

ఏపీకే అంటే ఆండ్రాయిడ్ యాప్‌ను మూటగట్టిన ఫైలు. ప్లే స్టోర్ నుంచి దించుకున్నప్పుడు కూడా తెర వెనక జరిగేది ఇలాంటి మూట విప్పడమే. తేడా ఏమిటంటే, వాట్సాప్‌లో వచ్చిన మూటను విప్పేముందు స్టోరు తనిఖీ ఉండదు. దాని మీద రాసే పేర్లు మన బతుకులో నుంచే ఏరుకున్నవి: పీఎం కిసాన్ జాబితా, ట్రాఫిక్ చలానా, పెళ్లి పిలుపు. పీఎం కిసాన్ డబ్బు విడతకు 2,000 చొప్పున ఏడాదికి 6,000 రూపాయలు. రాష్ట్రం ఇచ్చే రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12,000. విడత పడే రోజుల్లో 'మీ పేరు జాబితాలో ఉందో లేదో చూసుకోండి' అని వస్తే దేవరకొండ బత్తాయి రైతైనా, జడ్చర్ల పత్తి రైతైనా చేయి ఆపుకోవడం కష్టం.

ఒక ట్యాబ్‌లో ఏమి జరుగుతుందో అంచెలంచెలుగా చూద్దాం. ఊరి వాట్సాప్ గ్రూపులో ఫైలు వచ్చింది, అదీ తెలిసిన మనిషి నంబరు నుంచి. నొక్కగానే ట్యాబ్ అడ్డుపడుతుంది: 'వాట్సాప్ నుంచి వచ్చే యాప్‌లను పెట్టుకోనివ్వాలా?' ఆండ్రాయిడ్ 8 నుంచి ఈ అనుమతి దారి దారికీ విడివిడిగా ఇవ్వాలి. ఇస్తాం. 2017 నుంచి ఉన్న గూగుల్ ప్లే ప్రొటెక్ట్ ఆ యాప్‌ను పరిశీలించి, అనుమానం వస్తే ఇంకోసారి ఆపుతుంది. పంపినవారు ముందే 'హెచ్చరిక వస్తే పట్టించుకోకండి' అని రాసి ఉంటారు. ఆ తర్వాత యాప్ తెరుచుకుని ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడుగుతుంది, అంటే ఓటీపీల మీద కన్ను. చివరగా అన్నిటికన్నా బరువైనది, యాక్సెసిబిలిటీ అనుమతి.

ఇక్కడ కాస్త ఆగాలి. చూపు లేనివారికి తెర చదివి వినిపించే యాప్‌లు, చేతులు సరిగా ఆడనివారి బదులు మీటలు నొక్కే యాప్‌లు ఉంటాయి. వాటి కోసం పెట్టిన అనుమతి ఇది. కాబట్టి ఇది ఉన్న యాప్ తెర మీద ఉన్నది చదవగలదు, మన బదులు నొక్కగలదు. హాస్టల్‌లో అన్ని గదులకూ పనికొచ్చే మారుతాళం చెవి. దివ్యాంగుల కోసం చేసిన మేలును దొంగలు వాడుకున్నారు. 2022లో దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ హెచ్చరించిన 'సోవా' అనే బ్యాంకింగ్ మాల్వేర్ కూడా ఈ మార్గంలోదే. అదే ఏడాది వచ్చిన ఆండ్రాయిడ్ 13, స్టోరు బయటి నుంచి ఇలా వచ్చిన యాప్‌లకు ఈ అనుమతి అంత తేలిగ్గా దొరకకుండా అడ్డుకట్ట వేసింది. పాత ట్యాబ్‌లకు ఆ కట్ట లేదు.

సిమ్ లేని, వైఫైతో మాత్రమే నడిచే ట్యాబ్‌కు ఇందులో ఒక ఊరట ఉంది. ఎస్ఎంఎస్‌లే రావు కాబట్టి ఓటీపీలు దొంగిలించడానికి అక్కడ ఏమీ ఉండదు. అయితే 'మా ట్యాబ్‌లో సిమ్ లేదు, మాకేమీ కాదు' అనుకోవడం పొరపాటు. నాన్న ఫోన్లో ఉన్న గూగుల్ ఖాతానే ట్యాబ్‌లోనూ పెట్టి ఉంటారు. ఆ ఖాతాలో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, ఫొటోలు, కాంటాక్టులు రెండు చోట్లా ఒకటే. ట్యాబ్‌తో జతచేసిన వాట్సాప్ చేజిక్కితే అదే మూట మన పేరు మీద మన చుట్టాలందరికీ వెళుతుంది. మొదట తెలిసిన మనిషి నంబరు నుంచి ఎందుకు వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది. పాపం, ఆయన కూడా మన లాంటివాడే.

ఇలాంటి యాప్‌కు రీసెట్ పనిచేస్తుంది. అంతకన్నా చిన్న మందు కూడా ఉంది: ట్యాబ్‌ను సేఫ్ మోడ్‌లో తెరిస్తే మనం దించుకున్న యాప్‌లు నడవవు, అప్పుడు దాన్ని తీసేయవచ్చు. యాప్ పోతుంది. ఈలోగా బయటికి వెళ్లిన పాస్‌వర్డ్‌లు మాత్రం తిరిగి రావు. వాటిని వేరే, నమ్మకమైన పరికరం నుంచి మార్చుకోవలసిందే. లగ్నపత్రిక ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. దాన్ని చూడటానికి యాప్ దించుకోవలసిన అవసరం ఏ పెళ్లికీ లేదు.

మూడోది: ప్రోగ్రామే లేని మోసం

ఫిషింగ్‌లో ట్యాబ్‌కు ఏమీ కాదు. బ్యాంకు పేజీలా కనిపించే పేజీ ఒకటి తెరుచుకుంటుంది. మనమే పాస్‌వర్డ్ రాస్తాం, అది వెళ్లవలసిన చోటికి కాక ఇంకెక్కడికో వెళుతుంది. రీసెట్ చేయడానికి ట్యాబ్‌లో ఏమీ ఉండదు.

దీన్ని పట్టించేది పేజీ రూపం కాదు, పైనున్న చిరునామా. వెబ్ చిరునామాను కుడి వైపు నుంచి చదవాలి. మన ఉత్తరాల మీది చిరునామా లాంటిదే. రామాపురం అనే ఊళ్లు ఎన్నో ఉంటాయి, చివర ఉన్న మండలం, జిల్లా చూస్తే తప్ప ఏ రామాపురమో తెలియదు. 'పీఎంకిసాన్ డాట్ జీవోవీ డాట్ ఇన్' అన్నప్పుడు కుడి చివర 'జీవోవీ డాట్ ఇన్' ఉంది. అది ప్రభుత్వ సంస్థలకే ఇచ్చే పేరు. ఇప్పుడు ఇది చూడండి: 'పీఎంకిసాన్ డాట్ జీవోవీ డాట్ ఇన్ డాట్ రైతుసాయం డాట్ ఆన్‌లైన్'. ఎడమ నుంచి చదివితే సర్కారుదే అనిపిస్తుంది. కుడి నుంచి చదివితే 'రైతుసాయం డాట్ ఆన్‌లైన్' అనే, ఎవరైనా కొనుక్కోగల పేరు. ముందున్న 'జీవోవీ' ఊరి పేరు మాత్రమే, జిల్లా కాదు. ఈ పేరు అయ్యాక వచ్చే మొదటి ఏటవాలు గీత (/) దాటిన తర్వాత ఏమి రాసి ఉన్నా లెక్కలోకి రాదు.

తాళం గుర్తు ఉంది కదా అంటారు. తాళం చెప్పేది ఒక్కటే: మనకూ ఆ సైట్‌కూ మధ్య మాటలు దారిలో ఎవరూ వినలేరని. అవతల కూర్చున్నది ఎవరో అది చెప్పదు. దొంగ సైట్‌కూ తాళం ఉచితంగా దొరుకుతుంది. జనం దాన్ని నమ్మకానికి గుర్తుగా అపార్థం చేసుకుంటున్నారనే 2023 సెప్టెంబరులో క్రోమ్ ఆ గుర్తును తీసేసి మరొకటి పెట్టింది. బ్యాంకుల విషయంలో రిజర్వ్ బ్యాంకు ఒక మంచి పని చేసింది. 2025 అక్టోబరు 31 నాటికి బ్యాంకులన్నీ 'బ్యాంక్ డాట్ ఇన్' అని ముగిసే చిరునామాలకు మారాలని ఆదేశించింది. కుడి నుంచి చదవడం తెలిసినవారికి ఇది మంచి ఆనవాలు.

బ్రౌజర్ కూడా ఒక కాపలా కాస్తుంది. గూగుల్ సేఫ్ బ్రౌజింగ్ తెలిసిన చెడ్డ సైట్ల జాబితాతో సరిచూసి ఎర్ర తెర చూపిస్తుంది. మామూలు స్థాయిలో మనం వెళ్లే చిరునామాను పూర్తిగా బయటపెట్టకుండా దాని సంకేతంలో ఒక ముక్కను మాత్రం పోల్చి చూస్తుంది. 'ఎన్‌హాన్స్‌డ్' స్థాయి పెట్టుకుంటే చిరునామాలు, పేజీల్లోని కొంత సమాచారం గూగుల్‌కు వెళతాయి. బదులుగా కొత్త మోసాలు త్వరగా దొరుకుతాయి. ఇక్కడే అభిప్రాయాలు చీలుతాయి. నేను ఎక్కడెక్కడ తిరిగానో ఒక కంపెనీకి ఎందుకు చెప్పాలి అన్నది ఒక వాదన. అదే కంపెనీ ఖాతాతో, అదే కంపెనీ బ్రౌజర్‌లో తిరుగుతూ ఈ ఒక్క చోట దాచి ఏమి లాభం అన్నది మరొకటి. రెండిటిలోనూ బలం ఉంది. పదేళ్ల పిల్లలు, అరవై దాటిన పెద్దలు కలిసి వాడే ట్యాబ్‌లో నేనైతే రెండో వైపు మొగ్గుతాను. మధ్యే మార్గం కూడా ఉంది: ఆండ్రాయిడ్ 9 నుంచి ఉన్న 'ప్రైవేట్ డీఎన్ఎస్' (సైట్ పేరు చెబితే దాని దారి చూపే సేవ) సెట్టింగ్‌లో క్వాడ్9 వంటి సేవను పెట్టుకుంటే, చెడ్డదని తెలిసిన సైట్ పేరుకు దారి చెప్పడానికే అది నిరాకరిస్తుంది. ఏ బ్రౌజర్ అయినా, ఏ యాప్ అయినా చాలావరకు ఒకటే లెక్క. నిన్న రాత్రి పుట్టిన దొంగ సైట్ మాత్రం ఏ జాబితాలోనూ ఉండదు.

చాలామందికి తట్టని ఆనవాలు ఇంకొకటి. పాస్‌వర్డ్‌ను ట్యాబ్‌లో దాచుకుని ఉంటే అది అసలు చిరునామాలోనే తనంతట తాను నిండుతుంది. రోజూ నిండేది ఈరోజు నిండలేదంటే, మన కన్ను మోసపోయినా యంత్రం మోసపోలేదేమో అని ఆగి చూసుకోవాలి.

యాంటీవైరస్ కొనాలా?

దుకాణాల్లో అడిగితే కొనాలంటారు. భద్రతా నిపుణుల్లో కొందరు అక్కరలేదంటారు. యాంటీవైరస్ కూడా ఒక యాప్ కాబట్టి దానికీ ఒక గదే ఉంటుంది. పక్క గదుల్లో ఏమి జరుగుతోందో అది చూడలేదు. దించుకున్న మూటలను, లింకులను మాత్రం పరీక్షించగలదు. ఐప్యాడ్‌లో ఆ పాటి వీలు కూడా లేదు. అందులో యాంటీవైరస్ పేరుతో అమ్మేవి చాలావరకు లింకులు వడకట్టేవే. 2019లో ఏవీ-కంపారేటివ్స్ అనే పరీక్షా సంస్థ 250 ఆండ్రాయిడ్ యాంటీవైరస్ యాప్‌లను పరీక్షిస్తే, హానికర యాప్‌లలో 30 శాతానికి మించి పట్టుకున్నవి 80 మాత్రమే. మిగిలినవాటిలో చాలావాటికి పేరు తప్ప పని లేదు.

అయితే అదే పరీక్షలో మంచి ఫలితాలు సాధించినవీ ఉన్నాయి. స్టోరు బయటి యాప్‌లు తప్పనిసరిగా వాడవలసినవారికి అలాంటిది రెండో జత కళ్లుగా పనికొస్తుంది. స్టోరు దాటనివారికి ప్లే ప్రొటెక్ట్ సరిపోతుందని నా అభిప్రాయం. స్టోరు కూడా నిప్పులాంటిదేమీ కాదు. మనకు తెలియకుండా డబ్బు కట్టే సేవలకు చందాదారులుగా చేర్చే 'జోకర్' రకం యాప్‌లను 2017 నుంచి గూగుల్ ఎన్నిసార్లు ఏరివేసినా మళ్లీ మళ్లీ వచ్చాయి.

బయటి దారిని మొత్తంగా మూసేస్తే పోదా అన్న వాదం కూడా నడుస్తోంది. పేరు, చిరునామా నమోదు చేసుకుని ధ్రువీకరణ పొందిన రచయితల యాప్‌లనే, తాను ధ్రువీకరించిన ఆండ్రాయిడ్ పరికరాలు స్వీకరిస్తాయని 2025 ఆగస్టులో గూగుల్ ప్రకటించింది. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేసియా, సింగపూర్, థాయిలాండ్‌లలో మొదలుపెట్టి, ఆ తర్వాత మిగతా దేశాలకు అన్నది ప్రణాళిక. ముఖం లేని దొంగలకు ఇది గట్టి దెబ్బ అని గూగుల్ అంటుంది. ఉచిత సాఫ్ట్‌వేర్‌ను పంచే ఎఫ్-డ్రాయిడ్ తీవ్రంగా వ్యతిరేకించింది: నా పరికరంలో ఏ యాప్ ఉండాలో ఒక కంపెనీ తేల్చడమేమిటి, పేరు బయటపెట్టలేని రచయితల గతేమిటి అని. విమర్శల తర్వాత, అనుభవం ఉన్నవారికి హెచ్చరికలతో కూడిన వేరే దారి ఇస్తామని గూగుల్ అదే ఏడాది కొంత మెత్తబడింది.

నాలుగోది: డబ్బాలోనే వచ్చేది

ఇది అరుదు. అయినా రీసెట్ మీది నమ్మకాన్ని పూర్తిగా వమ్ము చేసేది ఇదే. కొన్ని చవక పరికరాల్లో మాల్వేర్ తయారీ దశలోనే చేరుతుంది. 'ట్రయాడా' అనేది ఇలా కొన్ని ఫోన్లలోకి సరఫరా గొలుసు మధ్యలో ఎక్కిందని 2019లో గూగులే నిర్ధారించింది. 2023లో అమెరికాలోని డిజిటల్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్, పిల్లల కోసమని అమ్ముతున్న ఒక ట్యాబ్‌లో ఇలాంటి మాల్వేర్ ఆనవాళ్లు కనుగొంది. రీసెట్ అంటే ట్యాబ్‌ను కర్మాగారం నుంచి వచ్చిన స్థితికి తేవడం. కర్మాగారం నుంచే అలా వస్తే, రీసెట్ దాన్ని జాగ్రత్తగా తిరిగి తెచ్చి పెడుతుంది! ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో 'ఈ పరికరం ధ్రువీకృతం' అన్న వరుస ఉందో లేదో కొన్న రోజే చూసుకోవడం, పేరూ ఊరూ తెలియని రకాలను కొనకపోవడం తప్ప ఇంట్లో కూర్చుని చేయగలిగింది పెద్దగా లేదు.

డబ్బు పోయాక గడియారం ఎవరి వైపు?

ఏ రకమైనా సరే, డబ్బు కదిలితే మొదటి గంటలు ముఖ్యం. 1930కి ఫోను చేస్తే ఫిర్యాదు బ్యాంకులకు చేరి, ఇంకా చేతులు మారని సొమ్మును ఆపే వీలుంటుంది. మన రాష్ట్రంలో తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఈ ఫిర్యాదులను చూస్తుంది. రిజర్వ్ బ్యాంకు 2017 జులై ఆదేశాల ప్రకారం, తప్పు బ్యాంకుదీ కాక ఖాతాదారుదీ కాక మూడోవారి వల్ల జరిగితే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పని దినాల్లోగా చెప్పినవారికి నష్టం ఉండదు. నాలుగు నుంచి ఏడు పని దినాలైతే కొంత భరించాలి. నిర్లక్ష్యం ఖాతాదారుదైతే చెప్పేవరకు పోయినదంతా ఖాతాదారుదే, చెప్పిన తర్వాత పోయేది బ్యాంకుది. చిక్కంతా 'నిర్లక్ష్యం' అన్న మాటలో ఉంది. ఊరి గ్రూపులో వచ్చిన ఫైలును నమ్మి అనుమతులిచ్చిన రైతుది నిర్లక్ష్యమా, మోసపోవడమా? బ్యాంకు ఒకలా చెబుతుంది, రైతు ఒకలా.

దుకాణం దగ్గరి ట్యాబ్ సంగతి. క్రోమ్‌లో ఆ సైట్ అనుమతి తీసేస్తుంటే జాబితాలో అలాంటివే మరో ఆరు కనిపించాయి. అన్నీ క్రికెట్, సినిమాల పేర్లు. ఆవిడ వాటిని చూసి, "ఇవన్నీ మా చిన్నోడి పనులే సార్" అంది. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో 2012 నుంచి ఒకరికి మించి వాడుకరులను పెట్టుకునే వీలుంది. ఎవరి యాప్‌లు, ఎవరి బ్రౌజర్ అనుమతులు వారివే. దుకాణం కుర్రాడే చిన్నోడి పేరుతో వేరే ప్రొఫైల్ తెరిచి ఇచ్చాడు. అక్క ప్రొఫైల్‌కు పెట్టాల్సిన పిన్ అడిగితే, ఆవిడ ఇంటికి ఫోను చేసి కూతురినే చెప్పమంది. ఆ అమ్మాయి తమ్ముడు పక్కనే ఉన్నాడని చెప్పి, పెరట్లోకి వెళ్లి గుసగుసగా చెప్పింది.